పాటని పాడుచేయని వైరు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసేసరికి నేను మద్దిలపాలెం డిపో దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ బావ ఎలిపోనాడ్రా" అంది. అంతే. ఆఫీసు బస్సు వదిలేసి, అక్కావాళ్ళుండే మల్కాపురం బస్సెక్కాను.

బావది పోర్టులో ఉద్యోగం. డ్యూటీ నుంచి రాగానే ముందుగదిలో పాత ఆంప్లిఫయర్ ఆన్ చేసి, రెండు స్పీకర్లకీ ఎదురుగా కూర్చునేవాడు. ఆ వీధిలో ఎవరు స్టీరియో కొన్నా వైర్లు ఎంచడానికి ఆయన్ని వెంటబెట్టుకుపోయేవారు. నా పెళ్ళైన కొత్తలో నేనూ తీసుకెళ్ళాను. షాపతను చిటికెనవేలంత లావు వైరు, బంగారు రంగు పిన్నులు ముందు పెట్టాడు. నా చూపు వాటిమీదే. బావ మాత్రం ఒక మామూలు వైరు అందుకుని, దాని కొనని బ్లేడుతో గీకాడు.

"లోపల కూడా ఎర్రగుంది, సూడు. తెల్లగా తేలితే అల్యూమినియానికి రాగి పూత పూసినట్టు. ఇది అసలు రాగే. నీ గదికి సాలు."

ఖరీదైనదైతే ఇంకా బాగా వినబడుతుందేమోనని నసిగాను.

"తీగ పాట పాడదు బావా. పాటని పాడుసెయ్యకపోతే అదే పదివేలు" అన్నాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు.

ఇన్నేళ్ళూ మా ఇంట్లో విన్న ప్రతి పాటా ఆయన చలవే.

మా ఊరి ఉప్పుగాలికి ఎంత మంచి పిన్నుకైనా చిలుము పడుతుంది. ఆదివారం టిఫిన్ అయ్యాక బావ పిన్నులన్నీ ఊడదీసి పాత బనీను గుడ్డతో తుడిచేవాడు. "కొత్తది కొనేముందు పాతది తుడుసుకోండి" అని వచ్చినవాళ్ళకీ చెప్పేవాడు.

ఈ ఏడు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. వెనకగదిలో మంచం వేసి, పక్కన ఆక్సిజన్ మెషిన్ పెట్టాం. స్పీకర్లు అక్కడికి కావాలన్నాడు. ముందుగదిలోని ఆంప్లిఫయర్ నుంచి దూరం ఎక్కువ కాబట్టి కాస్త లావు వైరు తెమ్మన్నాడు. తెచ్చి బిగించాను. పాట మొదలవగానే నుదురు చిట్లించాడు.

"గుయ్‌మంటందేటి బావా? పిన్ను లూజేమో సూడు."

గట్టిగా నొక్కాను. కరెంటు వైరుకి ఆనుకుందేమో అంటే విడదీశాను. ఆంప్లిఫయర్‌లోకి పాట తెచ్చే పిన్నుల వైరు కూడా కొత్తది తెచ్చి మార్చాను. అదే మోత. అప్పుడు అక్కా నేనూ ఒకేసారి ఆక్సిజన్ మెషిన్ వైపు చూశాం. మోత స్పీకర్లది కాదు, దానిదే. బావ మా చూపు పోయినచోటికే చూశాడు.

"ఓర్నీ! నన్ను బతికిస్తన్నదే పాటని మింగేత్తందా" అని నవ్వబోయి దగ్గాడు. ఊపిరి కుదుటపడ్డాక అక్కని అడిగాడు, "ఒక్క పాటకి ఆపలేవేటే?"

అక్క చెయ్యి స్విచ్ దాకా వెళ్ళి ఆగిపోయింది. "నావల్ల కాదు మావా." నాకేసి చూసింది. నావల్లా కాలేదు. ఏ వైరు మార్చినా పోయే మోత కాదది.

"సర్లే. స్పీకరు ఇలా జరుపు" అన్నాడు. మంచానికి ఆనించాను. దాని ముందున్న గుడ్డమీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వేళ్ళు తాళం వెయ్యడం మొదలెట్టాయి.

ఆఖరి రోజుల్లో సాయంత్రాలు అలాగే విన్నాడు. అక్క మంచం పక్కన నేలమీద కూర్చుని ఆ వేళ్ళనే చూసేది. అవి ఆగితే తనూ ఊపిరి బిగబట్టేది. మళ్ళీ కదిలితే, కొంగుతో మొహం తుడుచుకునేది.