తువ్వాలు కింద సీటు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, అప్పటికే అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేశాయి) మా హిందూపురంలో ప్రవేశ పరీక్ష రాసిన పిల్లలున్న ఇల్లు ఏదో కనిపెట్టడం చాలా తేలిక. ఆ ఇంటివాళ్లు ఉన్నట్టుండి యమా తీరికలేనివాళ్లైపోయేవారు. వీధిలో ఎవరైనా ఎదురైతే ఎండల గురించీ కుళాయి నీళ్ల గురించీ గబగబా రెండు ముక్కలు మాట్లాడేసి, ర్యాంకు మాట వచ్చేలోపు ఇంట్లో దూరేవారు. నాకొచ్చింది అటూ ఇటూ కాని ర్యాంకు. బాగుందని చెప్పుకోవడానికి లేదు, పోయిందని ఏడవడానికీ లేదు. నేను కోరుకున్నది మాత్రం ఒక్కటే, అందరూ ఎగబడే ఆ ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక సీటు. అది రాకపోతే మా వీధి చివరి కాలేజీలో చేరి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, సాయంత్రం నాయన అంగట్లో చింతపండు బస్తాల మధ్య కూర్చోవాలి. ఆ వయసులో నాకు అంతకన్నా పెద్ద శిక్ష తోచలేదు.

మా నాయన చింతపండు వ్యాపారి. మండీలో బేరాలన్నీ కంప్యూటర్‌లోకి వచ్చేసినా, తాత నేర్పిన తువ్వాలు బేరాన్ని మాత్రం ఆయన వదల్లేదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకు తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ తెలియదు. బేరం కుదిరేదాకా ధర బయటికి పొక్కకూడదని నాయన సిద్ధాంతం. నా సీటుకూ దాన్నే అంటించాడు. "ఎవురి ముందరా సీటు మాట ఎత్తొద్దు పాపా. గాలికి పెడితే నీరు పట్టిపోతాది" అనేవాడు. నేను మనిషినా చింతపండునా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ధర్మవరంలో ఒక రిటైరైన లెక్చరర్ ఉన్నారనీ, ర్యాంకు చూపిస్తే సీటు వస్తుందో రాదో చెప్పేస్తారనీ ఎవరో నాయన చెవిన వేశారు. ఆ ఆదివారం పొద్దున్నే రైలెక్కాం. ప్లాట్‌ఫారం మీదే మొదలైంది. "ఏమప్పా, తండ్రీ కూతురూ యాడికి పోతాండారు?" అని తెలిసినాయన అడిగితే, నాయన తడుముకోకుండా "ధర్మవరానికి. చీరలకు పోతాండాం" అన్నాడు. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చేదాకా బోగీలో అడిగిన ప్రతివాళ్లకూ అదే జవాబు. ఎంత నమ్మకంగా చెప్పాడంటే, కాసేపటికి నేను కూడా ఏ రంగు తీసుకుందామా అని ఆలోచనలో పడ్డాను.

సార్ ఇంటి వరండా నిండా మాలాంటి తండ్రులూ పిల్లలే. వాళ్లలో మా ఊరి బెల్లం మండీ ఆయన కూడా కొడుకుతో కనిపించేసరికి నాయన ముఖం ముడుచుకుపోయింది. (ఆయన కూడా చీరలకే వచ్చానని చెప్పి వచ్చాడేమో, మమ్మల్ని చూసి పైకప్పు పరిశీలించసాగాడు.) మా వంతు వచ్చింది. సార్ నా ర్యాంకు చూశారు, పోయినేటి కాగితాలు తిరగేశారు, గొంతు సవరించుకున్నారు. "చూడప్పా, ఈ ర్యాంకుకు..." అని ఆయన మొదలుపెట్టగానే వరండాలో ఉన్న చెవులన్నీ ఇటు తిరిగాయి. నాయన "ఒక్క నిమిషం సార్" అని భుజం మీది తువ్వాలు తీసి, సార్ చేతి మీద కప్పి, తన చెయ్యి కిందికి దూర్చాడు. "ఈడ చెప్పండి సార్. నూటికి ఎంతో, ఏలికి పది లెక్కన" అన్నాడు గుసగుసగా.

సార్ జీవితమంతా ఫిజిక్సు చెప్పిన మనిషి. మండీ ముఖం చూసినవారు కాదు. ఆయన తువ్వాలు వంక చూశారు, నాయన వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత మెల్లగా రెండో చెయ్యి కూడా తువ్వాలు కిందికి పోనిచ్చారు. సార్ కళ్లు చెమ్మగిల్లినట్టు నాకు అనిపించింది. "దేవుడుండాడప్పా. ధైర్యంగా ఉండు" అన్నారు చివరికి. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, దణ్ణం పెట్టి, నన్ను బయటికి నడిపించాడు.

"ఎంతన్నాడు నాయనా?"

"నడువు ముందు."

వీధి మలుపు తిరిగాక ఆగి, వెనకా ముందూ చూసి చెప్పాడు. "రెండు చేతులూ పట్టుకున్నాడు పాపా. పది వేళ్లూ. నూటికి నూరు."

"మరి సార్ మొగం అట్ల పెట్టుకున్నాడేం?"

"అదే కదా బేరగాడంటే. మొగంలో ఏమీ కనపడనీకుండా ఎంత బాగా చెప్పినాడో చూడు."

ఆ సంతోషంలో నాయన పొద్దున చెప్పిన అబద్ధాన్ని నిజం చేసేశాడు. అమ్మకు పట్టుచీర కొన్నాడు. ఒక పక్క నుంచి చూస్తే నెమలికంఠం రంగు, ఇంకో పక్క నుంచి చూస్తే వంకాయ రంగు. ధర దగ్గర ఆయన చెయ్యి తువ్వాలు మీదికి పోయింది గానీ నేను మోచేత్తో పొడిచాను.

తిరుగు రైల్లో పెనుకొండలో మైకత్త ఎక్కింది. మా వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఆమెకు తెలిసింది ఊరికి తెలిసినట్టే కాబట్టి అందరికీ మైకత్తే. నా ఒళ్లో చీర పెట్టె చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. "పాపకు సంబంధం కుదిరిందని ఒక మాటన్నా చెప్పల్యా గదప్పా. పిల్లోడు యాడోడు, చిలమత్తూరా?" అంది. పెళ్లీ లేదు గిళ్లీ లేదన్నాడు నాయన. "ల్యాకుంటే ధర్మవరానికి యాలకు పోతారు?" అంది మైకత్త. ఎదురు సీటాయన పిల్లవాడు బెంగళూరులో పనిచేస్తాడా అని అడిగాడు. పక్కనున్నావిడ ముహూర్తాలు లేవని బాధపడింది. మైకత్త ఫోను తీసింది. ఇంకో స్టేషన్ దాటితే ఆ బోగీ నాకు పెళ్లి చేసేసేటట్టుంది. ఎన్నేళ్లుగానో ధర గాలికి తగలనీయని మా నాయన అప్పుడు సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"పెండ్లి కాదప్పా. మా పాపకు యూనివర్సిటీలో సీటొస్తాండాది. నూటికి నూరు" అన్నాడు, బోగీ ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేటట్టు.

ఆ వారమంతా అంగడికి వచ్చినవాళ్లకల్లా టీలు. నాకేమో కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలో తెలియక సార్‌కు ఫోన్ చేశాను. ఆయన నా ప్రశ్న వినకుండానే "మీ నాయన ఎట్లుండాడమ్మా?" అన్నారు. "ఆ పొద్దు తువ్వాలు కప్పి చెయ్యి చాపినాడు. అందరి ముందర ఏడ్చేది దాచుకునేకి తంటాలు పడ్తాండాడనుకొని నా కడుపు తరుక్కుపోయింది. ఏం చెప్పాల్నో తెలీక రెండు చేతులూ పట్టుకుంటి." సీటు సంగతి అడిగాను. "మొదటి విడతలో కష్టమమ్మా. ఆఖరి విడతలో ఎవురన్నా వదిలేస్తే చూడాల. ఎవురూ అడగని కోర్సులు గూడా పెట్టు" అన్నారు.

అమ్మకు చెప్పాను. అమ్మ ముందు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "మీ నాయనకు చెప్పొద్దు. పెండ్లైన కాడ్నుంచి ఆయప్ప ఇట్ల నవ్వేది నేను చూడల్యా" అని, కొత్త చీరను కట్టకుండానే బీరువా అడుగున పెట్టేసింది. నాకు అన్నం సహించలేదు. సీటు రాదన్న బాధ ఒకటైతే, నాయన పోసే టీలు ఇంకొకటి.

మొదటి విడతలో నా పేరు లేదు. నాయన ఫోను కళ్ల దగ్గరికి పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాడు. ఇక దాచలేక సార్ మాటలన్నీ చెప్పేశాను. ఆయన ఒళ్లోని తువ్వాలు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే, నన్ను ఓదార్చినాడా?"

"ఊ."

"నేను బేరమనుకుంటి" అన్నాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. అమ్మా నేనూ కూడా ఆగలేకపోయాం. నవ్వీ నవ్వీ ఆయన అదే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నవ్వు నీళ్లేనా అని నేను అడగలేదు.

మరునాటి నుంచి నాయన మారిపోయాడు. అడిగినవాళ్లకల్లా "రాల్యాప్పా. ఇంగో విడత ఉండాది, చూడాల" అని పైకే చెప్పేవాడు. ఎవరైనా వెక్కిరిస్తారేమోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉంటే, బెల్లం మండీ ఆయన వచ్చి తన కొడుక్కీ రాలేదని చెప్పి, మా అంగట్లో కూర్చుని టీ తాగిపోయాడు. మైకత్త అయితే నా సీటు కోసం మొక్కుకున్నానని వీధి వీధంతా చెప్పింది.

ఆఖరి విడతలో సీటు వచ్చింది. నేను కలలు కన్న కోర్సు కాదు, భూగర్భశాస్త్రం. అదేమిటని నాయన అడిగితే రాళ్ల గురించి చదవడమని చెప్పాను. "పెనుకొండ నుంచి ఈడిదాకా మనకు ఉండేవే రాళ్లు. బాగా చదువు" అన్నాడు.

హాస్టల్ గేటు దగ్గర దిగబెట్టే రోజు అమ్మ ఆ చీర కట్టుకుంది. సామాన్లు దించాక నాయన "చెయ్యి ఇట్లియ్యి" అని దాని మీద తువ్వాలు కప్పాడు. కింద నా చేతిని ముందు ఆయన ఒక చెయ్యి పట్టుకుంది, తర్వాత రెండోది. చుట్టూ కొత్త పిల్లలు చూస్తున్నారు. "నూటికి నూరా నాయనా?" అన్నాను నవ్వుతూ. ఆయన ముఖంలో ఏమీ కనపడనీయలేదు. నేను ఆటకని నా రెండో చెయ్యి కూడా లోపలికి దూర్చాను.

ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. ఏటా ఎండాకాలంలో ఎవరో ఒక తండ్రి బిడ్డను వెంటబెట్టుకుని వచ్చి "సీటొస్తాదా మేడం?" అని అడుగుతాడు. నాకు తెలిసింది పైకే చెప్పేస్తాను, కానీ అంతకన్నా ముందే నా కళ్లు ఆయన భుజం మీదికి పోతాయి, తువ్వాలుందేమోనని. గేటు దగ్గర నాయన తనకు ధర చెబుతున్నాడని మురిసిపోయిన ఆనాటి తిక్కపిల్ల, అంటే నేనే, గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ పొద్దు ఓదార్పు కావలసింది ఆయనకని తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఏదో అదృష్టం, తెలియకపోయినా రెండు చేతులూ పట్టుకున్నాను.