అమ్మ ముగ్గు కోసం ఏరిన రాళ్లు

ఫ్లోరిడాలో లైట్‌హౌస్ ఉన్న దీవి చూపిస్తానని మా అబ్బాయి తనుండే ఫ్రిస్కో నుంచి మమ్మల్ని తీసుకెళ్లాడు. ఒడ్డున మనవరాలు తెల్లటి పగడపు ముక్క చేతిలోకి తీసుకుంది. అంతే, "డ్రాప్ చెయ్! రూల్స్ తెలీదా నీకు?" అని వాడు అందరి ముందూ అరిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా నాన్న కూడా నా మీద అలాగే అరిచాడు. అప్పుడు ఆయన ఉద్యోగం పోర్ట్‌బ్లెయిర్‌లో. నాకు ఎనిమిదేళ్లు. అక్కడ ముగ్గురాయి దొరక్క అమ్మ బియ్యప్పిండితో ముగ్గు పెడుతూ, తినే పిండి నేలపాలవుతోందని రోజూ బాధపడేది. ఒక ఆదివారం పడవలో ఎదురుగా ఉన్న లైట్‌హౌస్ దీవికి వెళితే ఒడ్డంతా తెల్లటి రాళ్లే! అదంతా ముగ్గురాయి అనుకుని, మోకాళ్లు గీసుకుపోతున్నా గౌను నిండా ఏరాను. ఉప్పు వాసన, నీచు వాసన.

"దొంగబుద్ధులు ఎక్కడ నేర్చావే?" అంటూ నాన్న అన్నీ సముద్రంలోకి విసిరేశాడు. లైట్‌హౌస్ ఎక్కనివ్వకుండా పడవలో కూర్చోబెట్టాడు.

అది రాయి కాదని, చిన్న ప్రాణులు కట్టుకున్న గూడని, తీసుకెళ్లకూడదని పెద్దయ్యాక తెలిసింది. నాన్న ఆపడం న్యాయమే. కానీ ఎందుకు ఏరావని ఒక్కమాట అడగలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

"ఎందుకు తీసిందో ముందు అడగరా," అన్నాను మావాడితో.

"ఇది ఫిష్ ఇల్లు కదా నానమ్మా. ఎవరైనా తొక్కుతారని వాటర్‌లో పెడుతున్నా," అంది పిల్ల ఏడుస్తూ.

వాడు వంగి దాని చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచాడు.

అమ్మ ముగ్గుకి నాన్నా, అని చెప్పేదాన్ని, ఆ రోజు అడిగి ఉంటే.