ఖాళీగా రాని గిన్నెలు

మా ఆయనకు నాంపల్లి స్టేషన్‌కు వెళ్ళే దారిలో మైకుసెట్టు షాపు ఉండేది. తెనాలిలో రేడియోలు బాగుచేసుకుంటూ సుఖంగా బతుకుతున్న మనిషి, రాష్ట్రం ఏర్పడగానే "కొత్త రాజధాని అంటే రోజుకో సభ, సభ అంటే మైకు, ఇంక మనకు తిరుగులేదు" అని నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చేశారు. సభల సంగతి ఆయన చెప్పినంత కాకపోయినా పెళ్ళిళ్ళూ హరికథలూ కవ్వాలీలూ మమ్మల్ని బాగానే పోషించాయి. పాడేవాళ్ళు కిరాయి చేతిలో పెడితే ఈయన తీసుకునేవారు. "తర్వాత చూసుకుందాం" అంటే, ఆ తర్వాత ఎవరూ చూసుకునేది లేదు. ఈ విషయంలో నేను ఆయన్ను దెప్పని రోజు లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు.

అరవైల మధ్యలో, ఒక ఎండాకాలం, బషీర్‌బాగ్‌లో ఏదో సభ కోసం గుంజ ఎక్కి హారను కడుతూ జారి కింద పడ్డారు. హారను అంటే మాట బయటికొచ్చే ఆ పెద్ద రేకు గొట్టం. దానికి సొట్ట కూడా పడలేదు. ఈయనకు మాత్రం తొడ ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వెయ్యాలన్నారు. అప్పటికి మా ఇంట్లో ఉన్నదల్లా నా మెడలోదీ, ఆయన షాపులోదీ. రెండూ అమ్మేద్దామని నేను, వద్దని ఆయన, దవాఖానలో మంచం పక్కన రోజూ ఇదే తగువు.

మేం ఉండేది నాంపల్లిలో ఒక పెద్ద కాంపౌండులో. వరసగా వాటాలు, మధ్యలో అందరికీ ఒక కుళాయి. మా వరసలో చివరి వాటాలో కవ్వాలీ పాడే ఉస్తాద్ ఒకాయన ఉండేవారు. ఒకరోజు ఆయన దవాఖానకు వచ్చి, మంచం చివర నిలబడి, మా తగువంతా ఓపిగ్గా విన్నారు.

"బెహన్, మీరు ఫికర్ చెయ్యొద్దు," అన్నారు. "గీ ఊర్ల మేం ఎంత గొంతు చించుకున్నా ఈయన మైకు లేకుంటే ముందు వరసకు గూడ ఇనబడకపోతుండె. ఒక్క పూట ఈయన కోసం పాడలేమా?"

అలా పెట్టారు కచేరీ. ఆబిడ్స్‌లో ఒక బడి ఆవరణలో, ఆదివారం సాయంత్రం. ఎవరెవరు వచ్చారని! మా కాంపౌండులోనే ఉండే హరికథ దాసుగారు, బుర్రకథ దళం, పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండువాళ్ళు, ఉస్తాద్ గారి జట్టు. జంపఖానాలు పరిచారు, దండలు తెచ్చారు, చాయ్‌కి పెద్ద డేగిసా ఎక్కించారు, వచ్చినవాళ్ళకి తాగడానికి కుండల్లో నీళ్ళు పోయించారు. ఆవరణ నిండిపోయింది. దాసుగారు చిడతలు పట్టుకుని లేచారు, గొంతు సవరించుకున్నారు, మైకు జరుపుకోవడానికి అలవాటుగా చెయ్యి చాచారు. చెయ్యి గాలిలో ఆగిపోయింది.

మైకు లేదు.

దాసుగారు ఉస్తాద్ వైపు చూశారు. ఉస్తాద్ బ్యాండువాళ్ళ వైపు చూశారు. బ్యాండువాళ్ళు నా వైపు చూశారు. ఈ ఊళ్ళో వాళ్ళెప్పుడు పాడినా వాళ్ళకంటే ముందే మైకు వచ్చి నిలబడి ఉండేది. దాన్ని ఒకరు తేవాలనీ, తెమ్మని చెప్పాలనీ వాళ్ళకెవరికీ తట్టలేదు. ఎవరి కోసం కచేరీ పెట్టారో ఆ మనిషే వచ్చి మైకు బిగిస్తాడని అందరూ ధీమాగా ఉన్నారు. ఆయన పడిన దగ్గరనుంచి నేను నవ్వడం అదే మొదటిసారి. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

షాపు తాళాలు నా బొడ్లోనే ఉన్నాయి. మా పక్క వాటాలో జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. ఆమె కొడుకు స్టేషన్‌లో హమాలీ. అతన్ని తీసుకుని రిక్షాలో షాపుకు పరుగెత్తాను, యాంప్లిఫయరూ హారనూ మైకూ తెచ్చాం. హారను పట్టుకుని అతను గుంజ ఎక్కాడు. కింద వైర్లు నేను కలిపాను. షాపుకు రోజూ అన్నం పట్టుకెళ్ళి, ఆయన తినేదాకా కూర్చుని చూసిన చదువే అది. వాల్వులు వేడెక్కాక మీట తిప్పాను. అది పెట్టిన కూతకు ఆబిడ్స్ అంతా చెవులు మూసుకుని ఉంటుంది. మైకును హారనుకు ఎదురుగా పెట్టానని అప్పుడు గుర్తొచ్చి, పక్కకు తిప్పాను. ఆ తర్వాత దాసుగారు పాడారు, బుర్రకథవాళ్ళు పాడారు, చివర్న ఉస్తాద్ పాడుతుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. నేను జరీచీర కట్టుకుని, మీట మీద చెయ్యి వేసుకుని, పెద్ద ఇంజనీరులా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున దవాఖానకు వెళ్తే మా ఆయన ఎవరొచ్చారనీ అడగలేదు, ఎంత వచ్చిందనీ అడగలేదు. "సౌండు ఎలా వచ్చింది?" అన్నారు.

"దివ్యంగా వచ్చింది. మీకంటే బాగా పెట్టాను," అన్నాను. ఆ కూత సంగతి చెప్పలేదు.

కచేరీలో వచ్చిన డబ్బుతో ఆపరేషన్ అయింది, ఎముక అతికింది, చంకలో కర్రలతో ఇంటికొచ్చారు. కానీ ఇక జన్మలో గుంజ ఎక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చూడ్డానికి తెనాలి నుంచి మా అన్నయ్య వచ్చాడు. "గుంజ ఎక్కలేని మనిషికి మైకుసెట్టు ఎందుకు బావా? మన ఊరు వచ్చెయ్యి. మా షావుకారు బియ్యం మిల్లులో గుమాస్తా పని ఉంది, హాయిగా కూర్చుని చేసుకోవచ్చు," అన్నాడు. ఈయన కాసేపు కర్రల వంక చూసి "సరే" అన్నారు. నేనూ సరే అన్నాను. నాకు పుట్టింటి వైపు వెళ్ళాలని ఉందేమోనని ఆయన ఒప్పుకున్నారట, ఆయనకు కష్టం తప్పుతుందని నేను ఒప్పుకున్నాను. ఈ ముక్క ఒకరికొకరం చెప్పుకోలేదు. వచ్చే నెల అన్నయ్య లారీ మాట్లాడుకుని వస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ రోజునుంచి మా ఆయన షాపు మాటే ఎత్తలేదు. వీధిలో ఏ పెళ్ళి ఊరేగింపులోనో మైకు వినబడితే, సౌండు బాగుందో బాగాలేదో చెప్పకుండా ఊరుకున్న మనిషి కాదు ఆయన. అలాంటిది ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. బియ్యం బస్తాలు లెక్కపెట్టుకుంటూ ఈయన ఎన్నాళ్ళు బతుకుతారో అని నాకు లోపల బెంగగానే ఉంది. పైకి మాత్రం సామాను సర్దుతున్నాను. కాంపౌండులో ఎవరికీ చెప్పలేదు. అంత చేసినవాళ్ళకి వెళ్ళిపోతున్నామని ఏ మొహంతో చెప్పడం?

అయితే వెళ్ళేలోగా అందరి మేలుకూ బదులు చేసి వెళ్ళాలి. అది నా పట్టుదల. "థాంక్స్" అనే మాట మా ఇళ్ళల్లో ఎవరూ నోటితో అనరు, అంటే మనవాళ్ళను పరాయివాళ్ళను చేసినట్టుంటుంది. మా వైపు తినడానికి చేసి పంపడమే పద్ధతి. సున్నుండలు చేశాను, బూరెలు వండాను, ఒక్కో ఇంటికి ఒక్కో గిన్నె నింపి పంపాను. అమ్మయ్య, ఒక పని అయిపోయింది అనుకున్నాను.

అయిపోతే ఇంకేం! గిన్నెలన్నీ తిరిగొచ్చాయి, నిండుగా.

గిన్నె ఖాళీగా ఇవ్వకూడదన్నది మాకూ ఉంది. కానీ మా వైపు చిటికెడు పంచదారో, రెండు తమలపాకులో వేసి ఇస్తే శాస్త్రం అయిపోతుంది. ఈ కాంపౌండులో అలా కాదు, అంచు దాకా నింపితేనే ఇచ్చినట్టు. ఉస్తాద్ గారి భార్య, నేను ఆపా అని పిలిచేదాన్ని, నా గిన్నెనిండా డబల్ కా మీఠా పంపింది. అవ్వ సర్వపిండి చేసి పంపింది. అదీ నా గిన్నెలో పట్టలేదని వాళ్ళ గిన్నెలో కూడా వేసి పంపింది. ఇప్పుడు వాళ్ళ గిన్నె మా ఇంట్లో ఉంది, దాన్ని ఖాళీగా పంపకూడదు. జంతికలు చేశాను. జంతికలు వెళ్ళాయి, పెసరట్లంత వెడల్పున మక్కగారెలు వచ్చాయి. బొబ్బట్లు చేశాను. బొబ్బట్లు వెళ్ళాయి, ఆపా వాళ్ళ సేమియా వచ్చింది.

"ఎన్ని చేసినా వీళ్ళకు బాకీగానే మిగులుతున్నానేమిటండీ! వీళ్ళు నన్ను చావనివ్వరు, బతకనివ్వరు," అని మూకుడు దబ్బున కింద పెట్టాను.

మంచం మీదినుంచి ఆయన "నువ్వు ఇలాగే తీర్చుకుంటూ పో. నా కాలు సంగతేమో గానీ నా పొట్ట పెరుగుతోంది," అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన వేళాకోళం అది. సంతోషించాల్సింది పోయి, నేను కసురుకున్నాను.

ఇలా కాదని ఒక మధ్యాహ్నం ఇల్లంతా వెతికి, మా ఇంట్లో ఉన్న ఇరుగుపొరుగు గిన్నెలన్నీ బయటికి లాగాను. ఆపా వాళ్ళ కలాయి గిన్నె, దాసుగారింటి టిఫిన్ డబ్బా, అవ్వ వాళ్ళ సత్తు తపేలా. ఆ తపేలా మేం వచ్చిన కొత్తల్లో ఎప్పుడో వచ్చింది. దాన్లోనే రోజూ పప్పు నానబోసుకునేదాన్ని, అది మాది కాదన్న సంగతే మర్చిపోయాను. అన్నీ కుళాయి దగ్గర బూడిదతో తళతళా తోమి, నింపి, నేనే స్వయంగా పట్టుకెళ్ళి, ఎవరిది వాళ్ళకి ఇచ్చి వచ్చాను. నా గిన్నె ఒక్కటి కూడా ఎవరింట్లోనూ వదల్లేదు. వదిలితే కదా నింపి పంపుతారు!

చివర్న అవ్వ దగ్గరికి వెళ్ళాను. గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. తపేలా ముందు పెట్టాను. నిండా సున్నుండలు. అవ్వ సున్నుండల వంక చూడలేదు, తపేలా అంచు వేలితో తడిమి చూసింది.

"గిది గూడ తెచ్చినవా?" అంది.

"నీదే కదా అవ్వా."

"ఔ, నాదే. ఆపా గిన్నె గూడ ఇచ్చినవంట. దాసుగారి డబ్బా గూడ." నా మొహంలోకి చూసింది. "ఏడికి పోతున్రు బిడ్డా?"

ఎవరికీ చెప్పని సంగతి గిన్నెలు తోమి నేనే కాంపౌండంతా చాటుకుని వచ్చానని అప్పుడు తెలిసింది. పక్కింటి గిన్నె ఒక్కటైనా లేని ఇల్లంటే ఖాళీ చేస్తున్న ఇల్లే. ఇన్నేళ్ళు అక్కడ ఉండి ఆ మాత్రం గ్రహించలేకపోయాను.

"తెనాలి వెళ్ళిపోతున్నాం అవ్వా," అన్నాను. "ఆయన ఇంక గుంజ ఎక్కలేరు. అక్కడ బియ్యం మిల్లులో కూర్చుని చేసే పని ఉంది. వెళ్ళేలోపు మీ అందరి రుణం..."

"ఎవలు తీర్చమన్నరు?" అవ్వ చేట పక్కన పెట్టేసింది. ఆమెకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "గంత మంది వచ్చి పాడిన్రు, ఎందుకు? మా అల్లుడు మంచిగై మళ్ల గాడ మైకు పెట్టాలె అని. బియ్యం మిల్లుల కూసునేటందుకా? గుంజ ఎక్కుతందుకు నా కొడుకు లేడా? ఆ దినం ఎక్కలేదా? మా బాకీ తీర్చి పోతదంట! గది తీరితే ఇగ నీకు నాకు ఏముంటదే?"

నేను అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు. ఉండమని ఎవరైనా అంటే బాగుండునని ఇన్నాళ్ళూ ఎదురుచూశానని, ఆ మాట వినేదాకా నాకే తెలియదు.

అవ్వ సున్నుండలు ఒక్కొక్కటే తీసి తన పళ్ళెంలో పెట్టుకుంది. అన్నీ అయ్యాక తపేలా కొంగుతో తుడిచి, నా ఒళ్ళో పెట్టింది.

"ఖాళీగ ఇస్తున్న," అంది. "నువ్వే నింపుకొని రావాలె. రాకుంటే చూస్త."

తపేలా పట్టుకుని ఇంటికొచ్చాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని "ఈసారి ఏం పంపింది అవ్వ?" అన్నారు.

"ఏమీ పంపలేదు. ఖాళీదే ఇచ్చింది." అవ్వ అన్న మాటలన్నీ అదే యాసలో చెప్పబోయి, సగంలో మళ్ళీ ఏడ్చేశాను. ముక్కు తుడుచుకుని, "గుంజ ఆమె కొడుకు ఎక్కుతాడు. వైర్లు నేను కలుపుతాను. మీరు కుర్చీలో కూర్చుని మా ఇద్దరి మీదా అరవండి. మీకది వచ్చిన పనేగా," అన్నాను.

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత కర్రల కోసం చెయ్యి చాచి, "షాపు తాళాలు ఏవీ?" అన్నారు.

అన్నయ్యను రావద్దన్నాం. కచేరీ చేసినవాళ్ళలో ఒక్కరికీ మేం నోటితో థాంక్స్ చెప్పలేదు. వెళ్ళకుండా ఉండిపోయాం, అంతే.