ఖాలా కుట్టుమిషన్, నా గాలిమోటరు

కొత్తకోటల మా పక్కింటి ఖాలా బట్టలు కుట్టేది. ఎవరేమడిగినా మెడల టేపు సవరించుకుంట "జర ఆగు" అనేది.

నాకు దుబాయ్ వీసా వచ్చింది. రెండు నెలలల్ల పోకపోతే అది పనికిరాదు. టికెట్ రేటు వింటే కండ్లు తిరిగినయ్. చేను కుదువ పెడదామని బాపు బయలెల్లిండు. ఖాలా ఆపింది.

"జర ఆగు భయ్యా. రంజాన్ బట్టలు నా ఇంట్ల కుప్ప పడనీ. గప్పుడు టికెట్ కొనుండ్రి."

"బట్టలకు, గాలిమోటరుకు ఏం సంబంధం ఖాలా?" అన్న.

"దుబాయ్ పోయినోళ్లంత పండుగకు ఇంటికొస్తరు. అందుకే నాకు పని. వచ్చే గాలిమోటరు నిండుతది, పోయేది ఖాళీ. పండుగనాడు ఇల్లిడిచి ఎవడు పోతడు? నీది గాదు గద పండుగ, నువ్వు పో!"

గాలిమోటరును ఆకాశంలనే చూసిన మనిషి మాట ఇని ఆగుడేందని బాపు నన్ను ఒకటే తిట్టుడు. అయినా ఆగిన. కుప్ప మిషన్ కంటె ఎత్తైననాడు ఏజెంటుకు ఫోన్ చేస్తే, పండుగనాటి టికెట్ సగం రేటుకే ఇస్తనన్నడు.

చేను మాకే మిగిలింది.

పోయేటప్పుడు ఖాలా ఆ కుప్పల కలిపి కుట్టిన ఒక కొత్త అంగీ నా చేతుల పెట్టింది. కొలత ఎప్పుడు తీసుకున్నదో తెల్వది, అచ్చం నాకే సరిపోయింది. అదే తొడుక్కొని, మూడు సీట్ల మీద కాళ్లు చాపుకొని, నవాబు లెక్క దుబాయ్ పోయిన.