ప్రభు భోజనపు పళ్ళెంలో నా కళ్ళద్దాలు

నా కళ్ళద్దాలను పాడుచేసింది మా అమ్మ భక్తి. ఇలా చెబితే పెద్ద కథలా వినిపిస్తుంది. జరిగింది మాత్రం చింతపండు, బూడిద, కొబ్బరి పీచుల వ్యవహారం.

కర్ణాటకలోని బీదర్లో మా క్రైస్తవ సంఘానికి ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం ఉంటుంది. దానికి వాడే ఇత్తడి పళ్ళెమూ, చిట్టి చిట్టి గిన్నెలూ ముందు రోజు వంతు ప్రకారం ఒక ఇంటికి వస్తాయి. తోమి పంపాలి. ఎవరింట్లో తోమినవి ఎక్కువ మెరిశాయో పైకి ఎవరూ అనరు కానీ, ఆడవాళ్ళందరికీ గుర్తుంటుంది. ఆ నెల వంతు మాది.

ఆ సోమవారమే నాకు హైదరాబాదులో ఇంటర్వ్యూ. అక్కడ రోజుకో అద్దాల మేడ లేస్తోందనీ, లోపల కూర్చోబెట్టడానికి మనుషులు చాలడం లేదనీ అందరూ చెప్పుకునే రోజులు. బీదర్ బస్టాండులో హైదరాబాదు బస్సెక్కే ప్రతి కుర్రాడి చేతిలోనూ ఒకే రకం ప్లాస్టిక్ ఫైలు. మా వీధి నుంచి ముందే వెళ్ళిన ఒకడు సెలవుకు వచ్చి, మెడలో ఐడీ కార్డు తీయకుండానే కూరగాయలకు వెళ్ళాడు. వంకాయలమ్మే ఆమె కూడా కార్డు చూసి వాణ్ణి ఆపకుండా సంత లోపలికి పంపిందని నేనే ప్రచారం చేశాను. నాకూ అలాంటి కార్డు కావాలని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నేను వెళ్తున్నది ఫోన్లో మాట్లాడే ఉద్యోగానికి. పరీక్ష ఏమిటంటే కంప్యూటర్ తెర మీద వచ్చే ఇంగ్లీషు పేరాను పైకి గడగడా చదవాలి. కళ్ళద్దాలు లేకపోతే నాకు తెర కనబడుతుంది. దాని మీద ఏముందో కనబడదు.

శనివారం మధ్యాహ్నం కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ అద్దాలు తీసి, పక్కనే ఉన్న పళ్ళెంలో పెట్టాను. లోపలికి వెళ్ళి ఇంటర్వ్యూ నవ్వు సాధన చేశాను. ఆ నవ్వు కుదిరేసరికి చాలాసేపు పట్టింది. బయటికి వస్తే అమ్మ కీర్తన పాడుకుంటూ, గిన్నెల వరుసలో నా అద్దాలను కూడా తోమేసి, కడిగి, ఎండలో బోర్లించింది.

"అమ్మా, నా చష్మా తోమినవా?"

"పళ్ళెంల ఉన్నదంత దేవునిదే అనుకున్న," అంది అమ్మ, చెయ్యి ఆపకుండా.

"దేవునికి చష్మా ఎందుకమ్మా?"

"నీ అసొంటోన్ని కనిపెట్టుకొని ఉండాలంటే వద్దా మరి?"

ఫ్రేము కొన్న రోజు కూడా అంతగా మెరవలేదు. అద్దాలు మాత్రం సాలెపురుగు కాపురం పెట్టినట్టున్నాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే గీత మీద గీత, దాని మీద ఇంకో గీత.

పాత జత పెట్టుకుందామంటే, దాని మీద అంతకు ముందు నెలే మా మామ కూర్చున్నాడు. పరుగున కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాను.

"ప్లాస్టిక్ అద్దమయ్యా ఇది. మెత్తటి బట్ట తప్ప ఏం తగలొద్దని చెప్పిన గద," అన్నాడు దుకాణదారు. "కొత్తయి హైదరాబాద్ నుంచి రావాలె. నాలుగైదు దినాలు."

హైదరాబాదు వెళ్ళడానికి నాకు అద్దాలు కావాలి. అద్దాలేమో హైదరాబాదు నుంచి రావాలి. దారి మధ్యలో జహీరాబాద్ దగ్గర ఎదురుపడితే పలకరించుకుంటాం అనుకుని ఇంటికొచ్చాను.

అప్పటికే మామ వచ్చి ఉన్నాడు. అమ్మకు తమ్ముడు, బస్టాండు పక్కన స్కూటర్ మెకానిక్కు. పాత జత మీద కూర్చున్న పాపం కడుక్కోవడానికో ఏమో, పని మొత్తం తనే తలకెత్తుకున్నాడు.

"ఏం ఫికర్ జెయ్యకు అల్లుడా. స్కూటర్ మీటర్ల మీది అద్దాలు నేను ఇట్లనే సాఫ్ చేస్త. తెల్ల పేస్టు పెట్టి రుద్దితే కొత్త పెండ్లికొడుకు లెక్క అయితది."

"తర్వాత స్పీడు కనబడుతదా మామా?"

"మీటర్లే నడువయి. ఇగ స్పీడు ఎవడు చూస్తడు?"

మా ఇంట్లో ఉన్నది ఎర్ర పళ్ళపొడి. అది గరుకు, పనికిరాదన్నాడు మామ. చిమ్కోడ్ ఊరి బడిలో మాస్టరైన మా నాయిన వెళ్ళి తెల్ల పేస్టు తెచ్చాడు. ముందు అద్దాలను ఉట్టి నీళ్ళతో కడిగి, దూది మీద శనగగింజంత పేస్టు పెట్టి, నొక్కకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాం. కడిగి చూస్తే వెంట్రుకలాంటి సన్న గీతలు నిజంగానే తగ్గాయి. లోతైనవి అలాగే ఉన్నాయి.

ఆపాల్సింది అక్కడే. కానీ నాకు కాలూ చెయ్యీ ఒకచోట నిలవడం లేదు. మళ్ళీ పేస్టు పెట్టాను. ఆ తర్వాత వంటసోడా నీళ్ళలో కలిపి రుద్దాను. అద్దం మీద ఉండే పల్చటి పూత అక్కడక్కడా లేచి, సగం ఒలిచిన ఉడికించిన పల్లీలా తయారైంది.

"పైన పొర పోతాంది. పోనియ్, అసలు మాలు లోపల ఉంటది," అని మామ ధైర్యం చెప్పి, తన షెడ్డు నుంచి స్కూటర్లకు పూసే మైనం తెచ్చి పూశాడు. గీతలన్నీ మాయమయ్యాయి. తుడిచాను. గీతలన్నీ తిరిగొచ్చాయి, జిడ్డును వెంటబెట్టుకుని.

ఆదివారం గుడిలో దీపాల చుట్టూ ఇంద్రధనుస్సులు. సంఘ పెద్దలందరి తలల వెనకా పరిశుద్ధుల వెలుగు. మామ తల వెనక కూడా అంతే వెలుగు కనబడేసరికి, ఈ అద్దాలను నమ్మకూడదని తేలిపోయింది. ప్రసంగం సాగుతున్నంతసేపూ జేబురుమాలుతో రుద్దుతూనే ఉన్నాను. అమ్మ రెండుసార్లు గిచ్చింది. ఆరాధన అయ్యాక ఒకామె అమ్మ చెయ్యి పట్టుకుని, "ఈసారి గిన్నెలు మస్తు మెరుస్తున్నయక్కా," అంది. ఆ మెరుపులో నా చందా కూడా ఉన్నట్టు అమ్మ నా వైపు చూసింది.

సాయంత్రానికి అద్దాల మధ్యభాగం మజ్జిగ చల్లినట్టు తెల్లబడింది. నేను మళ్ళీ దూది తీశాను. నాయిన వచ్చి నా చేతిలోంచి దూది లాగేసుకున్నాడు.

"ఇగ చాలు బిడ్డా. ఇంక రుద్దితే ఉత్త ఫ్రేమే మిగులుతది."

"రేపు కనబడకపోతే ఎట్ల నాయినా?"

ఈ మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. జోకు వేద్దామని నోరు తెరిస్తే వచ్చింది ఇది. ఆయన అద్దాలు కిటికీ వైపు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈడ జూడు, కింది అంచుకు. ఫ్రేము అడ్డముంది గద, పీచు ఇంత దూరం రాలేదు."

నిజమే. రెండు అద్దాలకూ అడుగున సన్నటి అంచు ఒకటి నెలవంకలా శుభ్రంగా మిగిలింది. ఆయన పేపరు పట్టుకుని ఎదురుగా నిలబడి, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు: "తల పైకెత్తు. ఇంక కొంచెం. ఆఁ, ఇప్పుడు చదువు."

చదివాను. గడ్డం పైకెత్తి, ముక్కు మీదుగా కిందికి చూస్తూ, కన్నడ పేపరంతా సంత ధరలతో సహా చదివాను. అమ్మ వంటింట్లోంచి, "ఏం పొగరు వచ్చింది వీనికి!" అంది.

సోమవారం ఆ అద్దాల మేడలో అదే గడ్డంతో, అదే కోణంలో తెర మీది పేరా ఆగకుండా చదివాను. ఎదురుగా కూర్చున్న మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుని, "మీలో కాన్ఫిడెన్స్ బాగుంది, ఎక్కడా తల దించలేదు," అంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. నా జీవితంలో మొదటిసారి మింగేశాను.

ఉద్యోగం వచ్చింది, ఐడీ కార్డుతో సహా. కొత్త అద్దాలు చేయించుకున్న రోజు తల మామూలుగా దించుకుని పనిచేస్తుంటే, మా టీమ్ లీడరు భుజం మీద చెయ్యేసి, "ఏమైంది, ఇంట్లో అందరూ బాగేనా?" అని అడిగాడు.

మళ్ళీ మా వంతు వచ్చిన శనివారం ఇంటికి వెళ్ళాను. అమ్మ కొళాయి దగ్గర పళ్ళెం ముందేసుకుని కూర్చుంది. నా ముఖం ఎగాదిగా చూసి తడి చెయ్యి చాపింది.

"చష్మా మీద దుమ్ము బాగున్నది. ఇటు తే."

రెండు చేతులతో పట్టుకున్నాను. "ఇది నాదమ్మా. దేవునిది కాదు."

"అట్లనా," అంది అమ్మ, పీచు నా వైపు విసురుతూ. "అయితే నువ్వే తోముకో."