కప్పు తట్టే మనిషి

గోదావరిఖనిలో ఇన్నాసి ఏ కప్పు కిందికీ ఊరికే అడుగు పెట్టడు. చాయ్ హోటలైనా, ఆదివారం పూజకు వెళ్లే చర్చి అయినా, ముందు చేతికర్ర ఎత్తి వాకిలి పైభాగాన్ని రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి వింటాడు. బొగ్గుబాయిలో కప్పు గట్టిదో గుల్లదో తట్టి విని, దుంగలు నిలబెట్టి కాసినవాడు కదా, రిటైరైనా అలవాటు పోలేదని అందరూ అనుకుంటారు. "కూలదులే కాకా" అంటే తానూ నవ్వుతాడు. బాయిలో ఒక్క షిఫ్టులో మాత్రం తట్టి చూడకుండానే "మంచిగుంది, పో" అన్నాడు. ముందు నడిచిన కొమురెల్లి మీద కప్పు కూలింది. పందొమ్మిదేళ్లుగా ఆ మాట చర్చిలో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

పాతికేళ్లకొకసారి వచ్చే జూబిలీ సంవత్సరం ఇది. క్షమాపణ పొంది, యాత్రగా వెళ్లి పెద్ద చర్చి వాకిలి దాటితే పాపభారం దిగుతుందని ఇన్నాసి కూడా పేరు రాయించాడు. మళ్లీ అదే పాపం చెప్పుకుంటే ఫాదర్ మెల్లగా అడిగాడు: "దేవునికి ఎన్నోసార్లు చెప్పినవ్. కొమురెల్లి భార్యకు చెప్పినవా?" యాత్ర బస్సు బయల్దేరే పొద్దున ఇన్నాసి దాన్ని ఎక్కకుండా కొమురెల్లి భార్య పోశవ్వ ఇంటికి నడిచాడు. వాకిట్లో కర్ర దానంతటదే లేచింది. చప్పుడు విని ఆమె బయటికొచ్చింది.

"ఆ దినం నేను తట్టలే, అక్కా."

పోశవ్వ ఆ కర్రను చూసింది. "నాకెరుకే, తమ్మీ. ఆ దినం తట్టినోనివైతే ఇన్నేండ్లు గిట్ల ఇల్లిల్లు తట్టుకుంట తిరుగుతవా? అది ఆడ పెట్టి లోపలికి రా."

ఇన్నాసి కర్రను గోడకు ఆనించాడు. పైకి చూడకుండా గడప దాటాడు.