ఇరవై నాలుగో చుక్క

మా బాబాయి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవాడు. రెండు కాదు, నాలుగు కాదు. మొదటిది తాళం కోసం, రెండోది తన కోసం, మూడోది దొంగ కోసం అనేవాడు. మూడోసారి లాగాక ఇక భూమ్యాకాశాలు ఏకమైనా వెనక్కి తిరిగి చూసే ప్రసక్తి లేదు. "నా చెయ్యి చెప్పిందంటే అంతే" అని తాళంచెవుల గుత్తి జేబులో వేసుకుని నడిచిపోయేవాడు. ఆయనకి ఆస్తిపాస్తులు లేవు, చదువు అంతంతమాత్రం. తన చెయ్యి మీద ఆ నమ్మకం ఒక్కటే ఉండేది. దాన్ని నేను పాడుచేశాను. ఎలా పాడుచేశానో ఇన్నేళ్ళకి రాస్తున్నాను.

బాబాయి అంటే నాన్నకి సొంత తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. "ఆ తాళంచెవుల గుత్తికి సవతిని తేవడం ఎందుకులే అనుకున్నాడు" అనేది అమ్మ. మాతోనే ఉండేవాడు. ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అటెండరుగా పందొమ్మిదేళ్ళు చేశాడు. నేనూ అదే కాలేజీలో చేరాను. పిల్లలందరూ ఆయన్ని ‘తాళాల బాబాయ్’ అని పిలుస్తుంటే నాకు తలకొట్టేసినట్టుండేది. కారిడార్లో ఎదురైతే ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. ఆయన కూడా నన్ను చూడనట్టే పక్కకి తప్పుకునేవాడు. అది ఆయన మర్యాద అని అప్పుడు తెలియలేదు. నా నటన బాగుందనుకున్నాను.

ల్యాబ్‌లో ఇరవై నాలుగు లాప్‌టాప్‌లు ఉండేవి. ఒక్కోదాని అడుగున తెల్ల స్టిక్కరు అంటించి, దాని మీద తన ఫోన్ నంబరు రాశాడు. "కాలేజీ నంబరు రాయొచ్చుగా బాబాయ్?" అని అడిగితే, "కాలేజీ ఫోను ఐదింటికి ఇంటికెళ్ళిపోతుందమ్మా. దొరికినవాడికి మంచిబుద్ధి ఐదు తర్వాత పుట్టొచ్చు" అన్నాడు. సీరియల్ నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం పోతే ఎలా అని మళ్ళీ అన్నీ బట్టీపట్టాడు. ప్రతి మెషిన్‌లోనూ లొకేషన్ ఆన్ చేయించి తన ఫోన్‌కి కలిపించుకున్నాడు. సాయంత్రం అన్నిటినీ బీరువాలో సర్ది, చేత్తో తాకుతూ లెక్కపెట్టేవాడు. ల్యాబ్‌కి తాళం వేసి, మూడుసార్లు లాగి, మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చుక్కలు లెక్కపెట్టేవాడు. ఒక్కో మెషిను ఒక్కో చుక్క. ఆపేసిన మెషిను కూడా చివరిసారి ఎక్కడ పనిచేసిందో అక్కడే చుక్కగా కనబడుతుంది. ఇరవై నాలుగూ కాలేజీ మీదే ఉంటే, "కోళ్ళన్నీ గూట్లో చేరాయి" అని లేచేవాడు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం ఇరవై నాలుగోది నేను ఇంటికి తెచ్చుకున్నాను. మాకు సొంత లాప్‌టాప్ లేదు. ల్యాబ్ తలుపుకి దారంతో వేలాడదీసిన పుస్తకంలో పేరూ టైమూ రాసి ఎవరైనా తీసుకెళ్ళొచ్చు. శుక్రవారం సాయంత్రానికి మాత్రం తిరిగి వచ్చెయ్యాలి. శని, ఆదివారాలు ఏ మెషినూ బయట ఉండకూడదు. అది కాలేజీ పెట్టిన రూలే అయినా దాన్ని వేదవాక్కులా పాటించేది బాబాయి ఒక్కడే.

"నా చుట్టానివని నీకో రూలు ఉండదు. ఇంకో మాట. ఆ చుక్క మాత్రం ఆర్పకు" అన్నాడు చేతికిస్తూ.

ఆ శుక్రవారానికి నా ప్రాజెక్టు సగమే అయింది. తప్పు మెషినుది కాదు, ఒక అబ్బాయిది. అది కూడా అన్యాయం, తప్పు నాదే. వారమంతా అతనితో కాంటీన్లో కబుర్లు చెప్పుకుంటూ గడిపాను. సోమవారం ప్రాజెక్టు అప్పజెప్పాలి. మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్‌కి వెళ్తే బాబాయి లేడు. సెమినార్ హాల్లోంచి ప్రొజెక్టర్ దింపడానికి పై అంతస్తుకి వెళ్ళాడు. నాకు అతితెలివి పుట్టింది. లాప్‌టాప్ తెరిచి లొకేషన్ ఆపేశాను. ఇక ఆ చుక్క ల్యాబ్‌లోనే నిలిచిపోతుంది. దారపు పుస్తకంలో ‘తిరిగి ఇచ్చాను, 3.10’ అని రాసి సంతకం పెట్టాను. మెషిను మళ్ళీ దాని సంచిలో పెట్టి నా భుజానికే తగిలించుకున్నాను. శని, ఆదివారాలు పని చేసుకుని సోమవారం పొద్దున్నే బీరువాలో దూర్చేస్తే మూడో కంటికి తెలియదు.

అక్కణ్ణించి సరాసరి సరస్సు దగ్గరికి వెళ్ళాను. అతను ఎదురుచూస్తున్నాడు. టిక్కెట్ల గది పక్కన బెంచీ మీద కూర్చున్నాం, ఆఖరి పడవ ఎక్కి తిరిగాం. ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఇంటికొచ్చి చూసుకుంటే లాప్‌టాప్ సంచి లేదు.

శనివారం తెల్లారగానే పరిగెత్తాను. టిక్కెట్ల కిటికీలో ఉన్న మనిషి "నిన్న డ్యూటీ నాది కాదమ్మా, నాకేం తెలీదు" అన్నాడు. బెంచీ కింద, చెత్తడబ్బాల్లో, ఒడ్డున కట్టేసిన పడవల్లో వెతికాను. బాబాయి ఫోన్‌లో చూద్దామంటే ఆ చుక్క ఆర్పింది నేనే. మళ్ళీ వెలిగించాలంటే ఆ మెషినే చేతిలో ఉండాలి. చేజేతులా చేసుకోవడమంటే ఏమిటో ఆ పడవల మధ్య నిలబడి తెలుసుకున్నాను.

ఆదివారమంతా నాకు అవకాశం ఉంది. బాబాయి వరండాలో పాత పేపరు పరుచుకుని ఇంట్లో తాళాలన్నిటికీ నూనె వేస్తున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏంటమ్మడూ, మొహం అలా వేలాడేశావు? ప్రాజెక్టా?"

"ఊఁ."

"అయిపోతుందిలే. మనింట్లో మొదటి ఇంజనీరువి, ఆ మాత్రం కష్టం ఉండదా?" అని తల నిమరబోయి, చేతికున్న నూనె చూసుకుని ఆగిపోయాడు.

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. నాలుగు తిట్లు తిట్టి, చెప్పులేసుకుని నాతోపాటు సరస్సుకి వచ్చేవాడు. నోటి దాకా వచ్చిన మాట మింగేసి లోపలికి వెళ్ళిపోయాను.

సోమవారం బీరువా తెరిస్తే ఇరవై మూడే ఉన్నాయి. శుక్రవారం ప్రొజెక్టర్ మోసి నడుం పట్టేయడంతో, ఆ ఒక్కరోజు చేత్తో లెక్కపెట్టకుండా చుక్కలు మాత్రం చూసుకున్నాడట. చుక్కలు ఇరవై నాలుగూ ఉన్నాయి. ఆఖరి చుక్క కింద ‘చివరిసారి కనిపించింది 3.08’ అని చీమల్లాంటి అక్షరాలున్నాయి. అవి చదవాలంటే కళ్ళజోడు కావాలి, కళ్ళజోడేమో సొరుగులో ఉండిపోయింది. నన్ను పిలిచి అడిగాడు.

"శుక్రవారమే ఇచ్చేశాను బాబాయ్. నువ్వు పైన ఉన్నావు. నీ బల్ల మీద పెట్టేసి పుస్తకంలో రాశాను కూడా."

"రాసే ఉంటావులే" అన్నాడు. పుస్తకం తిప్పి చూడనైనా లేదు.

సంతకం నాది కాబట్టి ప్రిన్సిపాలు గదికి నన్నూ పిలిచారు. ల్యాబ్ తలుపు పగల్లేదు, తాళం విరగలేదు. ప్రిన్సిపాలు ఆ తాళాన్నే తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాడు.

"శుక్రవారం ఇది వేశారా, లేదా?"

"వేశానండి. మూడుసార్లు లాగి చూశాను."

"మరి లాప్‌టాప్‌కి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

బాబాయి నా వైపు చూశాడు. అనుమానంతో కాదు. బల్ల మీద పెట్టానని నేను అన్నాను కాబట్టి అది బల్ల మీదే ఉండాలి. అందులో ఆయనకి సందేహమే లేదు, తాళం వేశాక దాని చుక్క కూడా కాలేజీ మీదే కనబడింది. ఇక తప్పు జరగడానికి మిగిలింది ఒక్క చోటే. కుడిచెయ్యి కొంచెం పైకెత్తి అరచేతిని చూసుకున్నాడు.

"వేశాననే అనుకుంటున్నానండి" అన్నాడు.

తాళం విషయంలో ఆయన నోట ‘అనుకుంటున్నాను’ అన్న మాట పుట్టి బుద్ధెరిగాక నేను వినలేదు. అయినా నోరు తెరవలేదు.

గుత్తి తీసేసుకున్నారు. గేటు దగ్గర వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాసే పనిలో వేశారు. ఆ పని ఆయనకేం చిన్నతనంగా అనిపించలేదు. అసలు సంగతి ఇంట్లో మొదలైంది. తాళం ఐదుసార్లు లాగడం, తర్వాత ఏడు, తర్వాత లెక్కలేకుండా లాగడం. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి రావడం. గ్యాస్ కట్టేశానా, కుళాయి కట్టేశానా అని అమ్మని అడగడం. "తాళాలకి నూనె వేసి వేసి బుర్రకి వెయ్యడం మానేశావయ్యా" అని అమ్మ మొదట్లో నవ్వింది. వారం తిరిగేసరికి నవ్వడం మానేసింది.

రెండో వారంలో ఆయనే నా గదిలోకి వచ్చాడు. "అమ్మడూ, నన్నోసారి డాక్టరుకి చూపించు. జ్ఞాపకం పోతున్నట్టుంది. ఇవాళ తాళం, రేపు నిన్నే ఎక్కడైనా మర్చిపోతానేమో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గొడుగు, నిమ్మకాయ, రైలు. తర్వాత వందలోంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. బాబాయి ఆగకుండా రెండు దాకా వచ్చి, "ఇంకా వెళ్ళమంటారా?" అని అడిగాడు. గొడుగు, నిమ్మకాయ, రైలు అని చెప్పి, అడక్కుండానే పోయిన లాప్‌టాప్ సీరియల్ నంబరు కూడా అప్పజెప్పాడు. డాక్టరమ్మ నవ్వేసింది. "నా కన్నా మీకే బాగా గుర్తుంటోంది. మీకే జబ్బూ లేదు" అంది.

ఆ మాట వింటే ఎవరైనా సంతోషిస్తారు. బాబాయి మొహం పాలిపోయింది.

"మరి తాళం ఎలా మర్చిపోయానండి? జబ్బయితే జబ్బని సరిపెట్టుకుంటాను. జబ్బు లేకుండా మర్చిపోయానంటే అది నిర్లక్ష్యమేగా?"

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. గోడ మీద మెదడు బొమ్మలో రంగులు చూస్తూ కూర్చున్నాను. ఆయనకి కావలసిన మందు ఒక్క మాట, అది నా దగ్గరే ఉంది. సిగ్గుతో, భయంతో, డిగ్రీ పోతుందన్న స్వార్థంతో ఆ మాట చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు ఆయన నాకే ఇచ్చాడు.

మూడో వారం గడిచాక, ఒక సెలవురోజు మధ్యాహ్నం బాబాయి ఫోన్ మోగింది.

"ఆఁ, ఆ నంబరు నాదేనండి... ఎక్కడా?... అడుగున సీరియల్ నంబరు చివర సున్నా ఏడు ఉందా? ఉందా!" అంటూనే చొక్కా తొడుక్కుంటున్నాడు. "అమ్మడూ, పద! దొరికింది. సరస్సు దగ్గరట. దొంగ వెధవ అక్కడ పడేసి పోయినట్టున్నాడు."

రానంటే ఎందుకంటాడు. వెళ్ళాను.

టిక్కెట్లు ఇచ్చే ఆవిడ మా కోసమే గది బయట నిలబడి ఉంది. సంచి దొరికిన మర్నాడే అక్క పురుడని ఊరెళ్ళాల్సి వచ్చిందట. ఎవరైనా అడుగుతూ వస్తారులే అని తన అల్మారాలో పెట్టి తాళం వేసుకుపోయిందట. నిన్న వచ్చి, ఇంకా ఎవరూ రాలేదేమిటని తెరిచి చూస్తే స్టిక్కరు కనబడిందట. ఇదంతా బాబాయికి చెబుతూ చెబుతూ నన్ను చూసి ఆగింది.

"నువ్వేగా! ఆ శుక్రవారం ఆఖరి పడవ. పక్కన గళ్ళచొక్కా అబ్బాయి. మీ వెనకాల ఎంత కేకేశానో! వింటేగా?"

నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను.

"శుక్రవారమేనా? ఎన్నింటికండీ?" అని అడిగాడు బాబాయి.

"ఐదున్నర అయ్యుంటుంది."

బాబాయి తనలో తను లెక్క చూసుకున్నాడు. ల్యాబ్‌కి తాళం వేసింది ఆరింటికి. ఐదున్నరకే మెషిను ఇక్కడుంది. నేను కళ్ళు మూసుకున్నాను. చెంప పగలగొడితే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

"అయితే నేను వేశానమ్మడూ!" అన్నాడు. "ఆ రోజు తాళం వేశాను. చూశావా? వేశాను!"

ఆ బెంచీ మీదే కూలబడ్డాడు. నవ్వుతున్నాడు, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. టిక్కెట్లావిడ కంగారుపడి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చింది. అబద్ధం ఎందుకాడావని ఆయన అడగలేదు. అంత సంతోషంలో నేను చేసిన ద్రోహం ఆయనకి కనబడనే లేదు. కనబడి ఉంటే నాకు ఇంత నరకం ఉండేది కాదు.

మర్నాడు కాలేజీలో, మెషిను సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టె వెనక దొరికిందనీ, తానే పెట్టి మర్చిపోయాననీ చెప్పాడు. నేను వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. "నోర్మూసుకుని పరీక్షలు రాయి. నేను వేశానని నాకు తెలిసింది, చాలు" అన్నాడు. ఆయన వద్దన్నాడు కాబట్టే ఆగానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. వద్దంటాడని తెలిసే అడిగాను. అదీ నిజం. గుత్తి ఆయనకి మళ్ళీ ఇవ్వలేదు. మతిమరుపు మనిషని పేరు పడిపోయి, గేటు దగ్గరే రిటైరయ్యాడు. గళ్ళచొక్కా అబ్బాయి పరీక్షలయ్యే దాకా కూడా నాతో లేడు.

ఇప్పుడు బాబాయి నా దగ్గరే ఉంటున్నాడు. నాకు ఉద్యోగం ఉంది, సొంత లాప్‌టాప్ ఉంది. దాని అడుగున తెల్ల స్టిక్కరు, దాని చుక్క ఆయన ఫోన్‌లో. ఇంతవరకు ఒక్కసారి కూడా ఆర్పలేదు. నిజం బయటపడింది కదా, ఇక ఆయన మామూలు మనిషి అవుతాడనుకున్నాను. నిజం ఆయన బుర్రకి తెలిసింది గాని చేతికి తెలియలేదు. పొద్దున్న ఇద్దరం బయల్దేరేటప్పుడు తాళం వేసి లాగుతాడు. మూడు, నాలుగు, ఐదు. గేటు దాకా వచ్చి ఆగుతాడు. నా మొహంలోకి చూస్తాడు.

"అమ్మడూ, వేశానా?"

"వేశావు బాబాయ్. నేను చూశాను."

అప్పుడు గాని ఆయన అడుగు ముందుకి పడదు. ఆ రోజు ప్రిన్సిపాలు గదిలో ఆయన నా వైపు చూసింది ఇలాంటి ఒక్క మాట కోసమే.